దేశం మీద అవార్డు గెలిచారు సరే, డబ్బు వసూలు ఎలా? (దేవాస్, కెయిర్న్ వగైరా)

పాతపేపరు:
ఉపగ్రహ ఒప్పందం రద్దు మీద దేవాస్ కంపెనీ నడుపుతున్న కేసులో అమెరికా సుప్రీంకోర్టు 2025 జూన్ 5న జడ్జీలంతా ఒకే మాట మీద మన ఇస్రో వాణిజ్య విభాగం యాంట్రిక్స్‌కు వ్యతిరేకంగా తీర్పు ఇచ్చారు కదా. ఆ రోజు నుంచి మా వాట్సాప్ గ్రూపులో ఒకటే గొడవ. "ఇక ఇండియా పదివేల కోట్లు కక్కాల్సిందే" అని ఒకరు, "సార్వభౌమ దేశాన్ని ఎవడేం చేస్తాడు" అని ఇంకొకరు.

నా సందేహం ఇది. ఒక విదేశీ కంపెనీ ఒక దేశం మీద అంతర్జాతీయ ఆర్బిట్రేషన్‌లో, అంటే కోర్టు బయట మధ్యవర్తుల దగ్గర, గెలిచింది (వాళ్లిచ్చే తీర్పునే అవార్డు అంటారట). ఆ దేశం కట్టనంది. అప్పుడు ఏ కోర్టుకెళ్తారు, ఏం జప్తు చేస్తారు? 2021లో పారిస్‌లో మన ప్రభుత్వ ఇళ్లు జప్తు అని పేపర్లో పెద్దక్షరాలతో వేశారు, తర్వాత ఆ ఊసే లేదు. తెలిసినవాళ్లు కాస్త విడమరచి చెప్పండి. నేను లా చదవలేదు.

ఈపీ వకీలు:
ముందు ఆ తీర్పు సంగతి. డబ్బు కట్టమని అందులో ఎక్కడా లేదు. అమెరికాలో 1976 నాటి విదేశీ ప్రభుత్వాల ఇమ్యూనిటీ (కోర్టు కేసుల నుంచి, జప్తుల నుంచి రక్షణ) చట్టం ఉంది. ఆ చట్టంలోని మినహాయింపుల్లో ఒకటి వర్తించి, నోటీసు పద్ధతి ప్రకారం అందితే చాలు, ప్రతివాదికి అమెరికాతో "కనీస సంబంధాలు" ఉన్నాయని చట్టం కింద విడిగా రుజువు చేయక్కర్లేదని చెప్పారు. కింది అప్పీలు కోర్టు ఆ రుజువు లేదనే కేసు కొట్టేసింది. దాన్ని తిరగ్గొట్టి, మిగతా వాదనలు వినమని వెనక్కి పంపారు. అంతే. ఇంకా వాకిట్లోనే ఉన్నారు.

ఇక మీ అసలు ప్రశ్న. మన సివిల్ కోర్టుల చుట్టూ తిరిగినవాళ్లకి ఇది కొత్తేం కాదు. డిక్రీ తెచ్చుకోవడం ఒక ఎత్తు, ఈపీ (తీర్పు అమలు పిటిషన్) వేసి రూపాయి రాబట్టడం ఇంకో ఎత్తు. డిక్రీ చేతికొచ్చాకే కక్షిదారు కష్టాలు మొదలవుతాయని ప్రివీ కౌన్సిల్ 1872లోనే అంది. అవతల ఉన్నది దేశమైతే ఇక చెప్పేదేముంది.

మొదట ఆ అవార్డు చెల్లుతుందని స్థానిక కోర్టు ఒప్పుకోవాలి. తర్వాత దాన్ని తన తీర్పుగా మార్చి ఇవ్వాలి. ఆ తర్వాత ఆస్తి మీదకి వెళ్లాలి. మొదటి రెండింటిలో ప్రశ్న "ఈ దేశాన్ని మా కోర్టు బోనెక్కించొచ్చా?" అని. చివరిదాంట్లో ప్రశ్న "ఈ ఆస్తిని ముట్టుకోవచ్చా?" అని. ఒక దాంట్లో గెలిస్తే రెండోదాంట్లో గెలిచినట్టు కాదు. 2023 ఏప్రిల్‌లో ఆస్ట్రేలియా హైకోర్టు (అక్కడ అదే అత్యున్నత కోర్టు) స్పెయిన్ కేసులో సరిగ్గా ఇదే చెప్పింది: అవార్డును గుర్తించి అమలు తీర్పు ఇవ్వడం వరకు స్పెయిన్ తన ఇమ్యూనిటీ వదులుకున్నట్టే, ఆస్తుల జప్తు మాత్రం వేరే సంగతి.

పాతపేపరు:
అంటే తీర్పు కాగితం చేతిలో పెట్టి, బీరువా తాళం మాత్రం ఇవ్వరన్నమాట.

సింగపూర్ మాధవి:
నేను ఇదే రంగంలో ఉన్నాను కాబట్టి కొంచెం ముందుకు తీసుకెళ్తాను.

ఇలాంటి అవార్డులకు రెండు దారులున్నాయి. ఒకటి ప్రపంచ బ్యాంకు గొడుగు కింద ఉన్న పెట్టుబడి తగాదాల కేంద్రం ఇక్సిడ్, దాన్ని పెట్టిన 1965 నాటి వాషింగ్టన్ ఒప్పందం. అందులో చేరిన దేశాల కోర్టులు అవార్డును తమ సొంత కోర్టు తుది తీర్పులా చూడాలి, మంచిచెడ్డలు తిరగదోడకూడదు. కానీ అదే ఒప్పందం 55వ అధికరణంలో జప్తుకు సంబంధించిన ఇమ్యూనిటీ చట్టాలు ఎలా ఉన్నవి అలాగే ఉంటాయని రాసుకున్నారు. ఇండియా ఇక్సిడ్‌లో చేరలేదు.

రెండోది 1958 న్యూయార్క్ ఒప్పందం. ఇండియా 1960లో దీన్ని ఆమోదించింది. దీని కింద కోర్టు అవార్డును తోసిపుచ్చడానికి కొన్ని కారణాలే ఉంటాయి: నోటీసు అందలేదు, ట్రిబ్యునల్ పరిధి దాటింది, సీటు (చట్టం దృష్టిలో ఆర్బిట్రేషన్ జరిగిన చోటు) ఉన్న దేశంలో అవార్డు రద్దయింది, ఇక్కడి పబ్లిక్ పాలసీకి విరుద్ధం, ఇలాంటివి. ఇండియా మీద వచ్చిన పెట్టుబడి అవార్డుల పోరాటమంతా ఈ దారిలోనే.

ఒక ముఖ్యమైన మెలిక. ఈ ఒప్పందంలో చేరేటప్పుడు ఇండియా "వాణిజ్య సంబంధాల నుంచి పుట్టిన తగాదాలకే వర్తింపజేస్తాం" అని షరతు పెట్టింది. ఆ ఒక్క లైను ఇప్పుడు ఎంత పని చేస్తోందో తర్వాత రాస్తాను, మీటింగ్ ఉంది.

సూటిగా:
ముగ్గురు ఆర్బిట్రేటర్లు ఎక్కడో హేగ్‌లో కూర్చుని నూట నలభై కోట్ల మంది దేశానికి ఫైన్ వేస్తారు. దాన్ని పట్టుకుని ఇంకో దేశం జడ్జి మన ఇళ్లకు తాళం వేస్తాడు. దీన్ని లా అంటారా? కప్పం అంటారు.

లెక్కల మాస్టారు:
సూటిగా గారూ, ఆ ముగ్గురినీ కూర్చోబెట్టే పెట్టుబడి రక్షణ ఒప్పందం మీద సంతకం పెట్టింది మనమే. బ్రిటన్‌తో 1994లో పెట్టాం.

పాతపేపరు గారు అడిగిన పారిస్ ఇళ్ల సంగతి నేను చెప్తాను, ఆ రోజుల్లో అంకెలన్నీ రాసి పెట్టుకున్నాను. బ్రిటన్ చమురు కంపెనీ కెయిర్న్ ఎనర్జీ 2006లో తన భారత ఆస్తులన్నీ ఒక భారత కంపెనీ కిందకు మార్చుకుంది. 2012లో మన పార్లమెంటు ఆదాయపన్ను చట్టాన్ని వెనకటి తేదీ నుంచి వర్తించేలా సవరించింది. 2014లో ఆ 2006 మార్పు మీద పన్ను నోటీసు, చివరికి 10,247 కోట్ల డిమాండు. వాళ్లకు మిగిలిన షేర్లు జప్తు చేసి అమ్మారు, డివిడెండ్లు పట్టుకున్నారు, రావాల్సిన రీఫండ్ ఆపేశారు. 2020 డిసెంబరు 21న ట్రిబ్యునల్ ఇండియాకు వ్యతిరేకంగా తేల్చింది. నష్టపరిహారం 120 కోట్ల డాలర్లు, వడ్డీ ఖర్చులు కలిపితే 170 కోట్ల దాకా.

ఇండియా కట్టలేదు. వాళ్లు అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్, నెదర్లాండ్స్, కెనడా, సింగపూర్ అంటూ ఆస్తి కనిపించిన ప్రతిచోటా అవార్డు రిజిస్టర్ చేయించారు. 2021 మేలో న్యూయార్క్‌లో ఎయిరిండియా మీద కేసు వేశారు, అది పేరుకే వేరే కంపెనీ, నిజానికి ప్రభుత్వమే అని. జూన్‌లో పారిస్ కోర్టు దాదాపు 20 ప్రభుత్వ నివాసాల మీద జప్తుకు అనుమతి ఇచ్చింది, విలువ 2 కోట్ల యూరోల పైన. జులైలో ఆ ప్రక్రియ పూర్తయింది. ఎవరినీ ఇంట్లోంచి వెళ్లగొట్టలేదు. అమ్ముకోకుండా ఆపారు, అంతే.

170 కోట్ల డాలర్ల బాకీకి 2 కోట్ల యూరోల ఇళ్లు! లెక్క ప్రకారం చూస్తే చిల్లర. కానీ ఆగస్టులో ఏం జరిగింది? పార్లమెంటు ఆ వెనకటి పన్ను తీసేస్తూ చట్టం చేసింది. వడ్డీ అడగొద్దు, కేసులన్నీ వెనక్కి తీసుకోండి, వసూలు చేసింది తిరిగిస్తాం అంది. 2022 ఫిబ్రవరిలో కెయిర్న్‌కు 7,900 కోట్లు వెనక్కి వచ్చాయి. అందుకే ఆ ఇళ్ల ఊసు మళ్లీ ఎక్కడా వినబడలేదు.

సూటిగా:
అంటే బెదిరించి రాబట్టారు.

లెక్కల మాస్టారు:
ఎయిరిండియాను అమ్మకానికి పెట్టిన ఏడాది అది. కొనేవాడు "ఈ విమానాల్ని రేపు న్యూయార్క్‌లో ఎవరైనా పట్టుకుంటే?" అని అడగడా? బెదిరింపు అంటారో బేరం అంటారో మీ ఇష్టం.

ఈపీ వకీలు:
మాస్టారు చెప్పినదాంట్లో ఒక చిన్న విషయం అండర్‌లైన్ చేయాలి. ఫ్రాన్స్‌లో 2016 చివర్లో చట్టం మార్చారు. విదేశీ ప్రభుత్వ ఆస్తి మీద ఏ చర్య తీసుకోవాలన్నా ముందుగా జడ్జి అనుమతి తప్పనిసరి. అంతకుముందు అలా ఉండేది కాదు. రష్యా మీద యూకోస్ చమురు కంపెనీ వాటాదారులు 2014లో 5,000 కోట్ల డాలర్ల అవార్డు గెలిచి, 2015లో ఫ్రాన్స్, బెల్జియంలలో ఎడాపెడా జప్తులకు దిగాక ఈ జాగ్రత్తలన్నీ వచ్చాయి.

పాతపేపరు:
మరి ఏ ఆస్తి ముట్టుకోవచ్చు, ఏది కూడదు? ఎంబసీ మీదకి వెళ్లరని తెలుసు.

సింగపూర్ మాధవి:
మీటింగ్ అయింది, వచ్చాను. ఈ రంగంలో నిజమైన పని ఇదే, ఆస్తి వెతకడం. సూత్రం దాదాపు అన్నిచోట్లా ఒకటే: ప్రభుత్వం ప్రభుత్వంగా వాడుకునేది ముట్టుకోకూడదు, వ్యాపారానికి వాడుకునేది ముట్టుకోవచ్చు. చెప్పడం తేలిక. ఆచరణలో చూడండి.

ఎంబసీ బ్యాంకు ఖాతా. జర్మనీ రాజ్యాంగ కోర్టు 1977లో ఫిలిప్పీన్స్ ఎంబసీ కేసులో ముట్టుకోవద్దంది. బ్రిటన్‌లో 1984లో కొలంబియా కేసులో కూడా అంతే. ఖాతాలోంచి కొంత వ్యాపార లావాదేవీలకు వాడినా సరే, కలగలిసి ఉంటే మొత్తానికీ రక్షణే. కేంద్ర బ్యాంకు డబ్బుకు బ్రిటన్, అమెరికా చట్టాల్లో ప్రత్యేక రక్షణ ఉంది. యుద్ధనౌకల జోలికి అసలు పోకూడదు. 2012లో అర్జెంటీనా నౌకాదళపు ఓడ "లిబర్తాద్"ను ఘనాలో ఆపారు (అది బాండ్ల తగాదా, ఆర్బిట్రేషన్ కాదు), రెండున్నర నెలల్లో అంతర్జాతీయ సముద్ర న్యాయ ట్రిబ్యునల్ వదిలేయమంది.

నాకు బాగా నచ్చే కేసు సెడెల్‌మాయర్ అనే జర్మన్ వ్యాపారిది. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఆయన కంపెనీ ఉన్న భవనాన్ని 1990లలో అధ్యక్షుడి ఉత్తర్వుతో లాగేసుకున్నారు. 1998లో స్టాక్‌హోంలో 23.5 లక్షల డాలర్ల అవార్డు వచ్చింది. రష్యాకు అది లెక్కలోకి రాని మొత్తం. అయినా కట్టలేదు. ఆయన వదల్లేదు. లుఫ్తాన్సా విమానాలు రష్యా మీదుగా ఎగరడానికి కట్టే ఫీజు పట్టుకోబోయాడు. ఆకాశం మీద హక్కు సార్వభౌమాధికారం కిందకు వస్తుందని 2005లో జర్మనీ సుప్రీంకోర్టు కొట్టేసింది. తర్వాత కొలోన్‌లో రష్యా ప్రభుత్వపు పాత భవనం పట్టుకున్నాడు, దాన్ని అమ్మించాడు. స్వీడన్‌లో స్టాక్‌హోం పక్కన లిడింగో దీవిలో ఇంకో భవనం. అది రష్యా ట్రేడ్ మిషన్‌ది, కానీ ఎక్కువ భాగం అద్దె ఇళ్లుగా నడుస్తోంది. 2011లో స్వీడన్ సుప్రీంకోర్టు ఇది అధికారిక అవసరం కాదు, అమ్మొచ్చు అంది. అవార్డు వచ్చిన 13 ఏళ్లకు.

పాతపేపరు:
అద్దె ఇళ్ల దగ్గర దొరికిపోయారన్నమాట, మహా రష్యా!

సింగపూర్ మాధవి:
ఇంకోటి. థాయిలాండ్ మీద వాల్టర్ బావ్ అనే జర్మన్ నిర్మాణ కంపెనీకి బ్యాంకాక్ డాన్ ముయాంగ్ టోల్ రోడ్డు విషయంలో 2009లో అవార్డు వచ్చింది, దాదాపు 3 కోట్ల యూరోలు. అప్పటికే ఆ కంపెనీ దివాలా తీసింది. దివాలా వ్యవహారాలు చూసే అధికారి 2011 జులైలో మ్యూనిక్ ఎయిర్‌పోర్టులో నిలిచి ఉన్న బోయింగ్ 737కు సీలు వేయించాడు. అది థాయ్ యువరాజు వాడే విమానం. థాయిలాండ్ "అది యువరాజు సొంతం, ప్రభుత్వానిది కాదు" అంది. కోర్టు 2 కోట్ల యూరోల గ్యారంటీ పెడితే వదలమంది. ఆగస్టులో విమానం బయటపడింది. విమానం విలువ కన్నా, దాని తలుపు మీద సీలు అంటించిన ఫొటోలు ప్రపంచమంతా తిరగడమే వాళ్లకు నొప్పి.

ఈపీ వకీలు:
ఇది చదువుతుంటే మన కోర్టు అమీను గుర్తొస్తాడు మేడమ్. జేడీఆర్ (డిక్రీ బాకీ ఉన్నవాడు) ఇంటికెళ్లి డప్పు కొట్టించగానే ఊళ్లో పరువు కోసం సాయంత్రానికి డబ్బు వచ్చేది, వస్తువు అమ్మిన సందర్భాలు తక్కువ.

చార్మినార్ చరిత్ర:
ఇమ్యూనిటీ గురించి ఇంత మాట్లాడుకుంటూ మన నిజాం డబ్బు సంగతి ఎవరూ ఎత్తలేదేంటి? ఆర్బిట్రేషన్ కాదు కానీ, ఈ మొత్తం సబ్జెక్టుకు అది పాఠ్యపుస్తకం లాంటిది.

1948 సెప్టెంబరు 20. పోలీసు చర్య ముగిసి రెండు మూడు రోజులు. నిజాం ప్రభుత్వ ఆర్థిక మంత్రి మొయిన్ నవాజ్ జంగ్ లండన్ వెస్ట్‌మినిస్టర్ బ్యాంకులో ఉన్న 10,07,940 పౌండ్ల 9 షిల్లింగులను అక్కడి పాకిస్తాన్ హైకమిషనర్ రహీంతూలా పేరు మీదకు మార్పించాడు. వారం తిరిగేసరికి నిజాం "నా అనుమతి లేదు, వెనక్కివ్వండి" అన్నాడు. బ్యాంకు ఇద్దరి ఒప్పందం లేనిదే ఇవ్వనంది. నిజాం కోర్టుకెళ్లాడు. 1957లో హౌస్ ఆఫ్ లార్డ్స్ ఏమందంటే, ఇందులో పాకిస్తాన్‌కు హక్కు ఉందేమో తేల్చాల్సి వస్తుంది, పాకిస్తాన్ సార్వభౌమ దేశం, దాన్ని మా కోర్టులోకి లాగలేం, కాబట్టి కేసు ఇక్కడితో ఆగాలి. తప్పు ఎవరిదో తేలలేదు. తేల్చే వీలే లేకుండా పోయింది.

అందులో లార్డ్ డెన్నింగ్ ఒక్కడే విడిగా రాశాడు. ప్రతివాది ఎవరనేది కాదు, తగాదా ఎలాంటిదనేది చూడాలి, వ్యాపార లావాదేవీ అయితే ఇమ్యూనిటీ ఎందుకివ్వాలి అని. తోటి లార్డులు దానికి తలూపలేదు. ఇరవై ఏళ్లకు ఇంగ్లండ్ కోర్టులు, 1978లో చట్టం అదే బాటలోకి వచ్చాయి. ఇప్పుడు మీరంతా చెప్పుకుంటున్న "వ్యాపారానికి వాడే ఆస్తి" అనే మాటకు ఇంగ్లండ్‌లో వేసిన తొలి మొలకల్లో ఒకటి మన హైదరాబాద్ కేసులో ఉంది.

డబ్బు మాత్రం బ్యాంకులోనే పెరుగుతూ ఉంది. 2013లో పాకిస్తానే స్వయంగా బ్యాంకు మీద దావా వేసింది. వాళ్లంతట వాళ్లే కోర్టుకొచ్చారు కాబట్టి ఇమ్యూనిటీ పోయింది. తెలివి తెచ్చుకుని దావా ఉపసంహరించుకుంటామన్నారు, జడ్జి కుదరదన్నాడు. 2019 అక్టోబరు 2న ఇండియాకు, నిజాం వారసులకు అనుకూలంగా తీర్పు. అప్పటికి మూడున్నర కోట్ల పౌండ్లు.

పాతపేపరు:
ఇది నిజంగా తెలీదండీ. 65 ఏళ్లు ఏమీ చేయలేకపోయిన కోర్టు, వాళ్లు వచ్చి తలుపు తట్టగానే తేల్చేసింది. బాగుంది.

ఏజెన్సీ గాలి:
చాలా సేపటి నుంచి చదువుతున్నాను. నా ప్రశ్న వేరే. మాది విశాఖ ఏజెన్సీ. జెర్రెల కొండల బాక్సైట్ మీద 2007లో రాష్ట్ర ప్రభుత్వం యూఏఈలోని రస్ అల్ ఖైమా వాళ్లతో ఎంఓయూ చేసుకుంది, మాకవరపాలెంలో అన్‌రాక్ ఫ్యాక్టరీ కట్టారు. మా గిరిజనులు ఏళ్ల తరబడి ఆందోళన చేస్తే తవ్వకం ఆగింది. తర్వాత ఆ రస్ అల్ ఖైమా పెట్టుబడి సంస్థ యూఏఈతో ఉన్న ఒప్పందం కింద ఇండియాకు 2016లో నోటీసు పంపిందని చదివాం, దాదాపు 4.5 కోట్ల డాలర్లు అడుగుతూ. మా ఊళ్లో ఎవరినీ అడక్కుండా ఒప్పందం చేసేది ఒకరు, మేం వద్దంటే నష్టపరిహారం ఇంకెవరో కడతారా?

సింగపూర్ మాధవి:
మీ ప్రశ్న న్యాయమైనదే. అంతర్జాతీయ చట్టం దృష్టిలో రాష్ట్రం చేసినా కేంద్రం చేసినా "ఇండియా" చేసినట్టే. తమిళనాడు ప్రోత్సాహకాలు ఇవ్వలేదని నిస్సాన్ ఆర్బిట్రేషన్‌కు వెళ్తే ప్రతివాది కూడా ఇండియానే, చివరికి 2020లో రాజీ చేసుకున్నారు. కోర్టు అయినా అంతే. వైట్ ఇండస్ట్రీస్ అనే ఆస్ట్రేలియా కంపెనీకి కోల్ ఇండియా మీద ఐసీసీ (అంతర్జాతీయ వాణిజ్య మండలి) అవార్డు ఉంది. దాన్ని మన కోర్టుల్లో తొమ్మిదేళ్లు నానబెట్టారు. ఆ ఆలస్యం మీదే వాళ్లు 2011లో ఇండియా మీద ఇంకో అవార్డు గెలిచారు. పెట్టుబడి ఒప్పందం కింద ఇండియా ఓడిన మొదటి కేసు అదే.

జనం అభ్యంతరాన్ని ట్రిబ్యునల్ లెక్కలోకి తీసుకోవచ్చు, తీసుకోకపోవచ్చు, అది ఒప్పందంలో ఏం రాశారన్నదాన్ని బట్టి. కానీ అవార్డు అయ్యాక అమలు చేసే కోర్టు ఆ లోతుల్లోకి వెళ్లదు. మీ కొండల గొంతు వినిపించాల్సిన చోటు పారిస్ కోర్టు కాదు, ఒప్పందం రాసే ఢిల్లీ.

ఏజెన్సీ గాలి:
ఢిల్లీ దాకా మా గొంతు వెళ్తే ఇంత దూరం వచ్చేదే కాదండి.

సూటిగా:
దేవాస్‌కు వద్దాం. మన సుప్రీంకోర్టు 2022 జనవరి 17న ఆ కంపెనీ పుట్టుకే మోసం అని చెప్పింది. మూసేయమన్న ఉత్తర్వు సరైనదే అంది. 579 కోట్లు తెచ్చి వేల కోట్లు అడుగుతున్నారు. మోసం అని తేలాక కూడా విదేశీ కోర్టులు ఎందుకు వింటున్నాయి?

ఈపీ వకీలు:
దేవాస్ అంటే ఒక కేసు కాదు, మూడు. అందరూ కలిపేస్తారు.

2005 జనవరిలో ఇస్రో వాణిజ్య విభాగం యాంట్రిక్స్, దేవాస్ మధ్య ఒప్పందం. రెండు ఉపగ్రహాల ఎస్ బ్యాండ్ ట్రాన్స్‌పాండర్లు (సిగ్నళ్లు అందుకుని తిరిగి పంపే పరికరాలు) లీజుకివ్వాలి. 2011 ఫిబ్రవరిలో కేంద్ర కేబినెట్ కమిటీ రద్దు చేసింది. ఆ ఉపగ్రహాలు తర్వాత మన శ్రీహరికోట నుంచే వెళ్లాయి, జీశాట్ 6 2015 ఆగస్టులో, 6ఏ 2018 మార్చిలో. రెండోదానితో కొద్ది రోజులకే సంబంధాలు తెగిపోయాయి, అది వేరే కథ.

మొదటి కేసు: దేవాస్ వర్సెస్ యాంట్రిక్స్, కాంట్రాక్టు కింద ఐసీసీ ఆర్బిట్రేషన్, 2015 సెప్టెంబరులో 56.25 కోట్ల డాలర్లు. రెండోది: మారిషస్ వాటాదారులు వర్సెస్ ఇండియా, పెట్టుబడి ఒప్పందం కింద, 2020లో 11.1 కోట్ల డాలర్లు, వడ్డీ అదనం. మూడోది: దేవాస్‌లో జర్మన్ వాటాదారు డాయిచ్ టెలికాం వర్సెస్ ఇండియా, 2020లో 9.33 కోట్లు, వడ్డీ అదనం. అమెరికా సుప్రీంకోర్టు తీర్పు మొదటిదాని గురించి. ఆ అవార్డును ఢిల్లీ హైకోర్టు 2022 ఆగస్టులో కొట్టేసింది, సీటు ఇండియాలోనే కాబట్టి. మిగతా రెండింటి సీటు ఇక్కడ లేదు. కాబట్టి మన కోర్టు చెప్పిన మోసం వాటిని దానంతట అదే చంపదు.

లెక్కల మాస్టారు:
మొదటిదాని మీద ఏటా 18 శాతం వడ్డీ అని మర్చిపోకండి. అసలు మీద ఏడాదికి 10 కోట్ల డాలర్ల పైనే. 2020లో సియాటిల్ కోర్టు ధ్రువీకరించేసరికి 129 కోట్లయింది. ప్రభుత్వాలు వాయిదాలు వేసుకుంటూ పోతే మీటరు తిరుగుతూనే ఉంటుంది.

సింగపూర్ మాధవి:
సూటిగా గారి ప్రశ్నకు సూటి జవాబు: మోసం వాదన విదేశీ కోర్టులు అస్సలు వినవని కాదు. నైజీరియా మీద పీఅండ్ఐడీ అనే కంపెనీ గెలిచిన అవార్డు వడ్డీతో 1,100 కోట్ల డాలర్లకు చేరింది. 2023లో లండన్ జడ్జి దాన్ని పూర్తిగా కొట్టేశాడు. లంచాలు, అబద్ధపు సాక్ష్యం, నైజీరియా లాయర్ల రహస్య పత్రాలు అవతలివాళ్ల చేతికెలా వచ్చాయో, అన్నీ సాక్షుల్ని నిలబెట్టి విని మరీ. అంటే సీటు ఉన్న చోట, సాక్ష్యంతో, వేళకి చెప్పాలి.

మనం ఏం చేశాం? డాయిచ్ టెలికాం కేసు సీటు జెనీవా. స్విస్ సుప్రీంకోర్టు 2018 డిసెంబరులో మన అభ్యంతరాలు తోసిపుచ్చింది. అవే అభ్యంతరాలు సింగపూర్‌కు తెచ్చాం. 2023 డిసెంబరులో ఇక్కడి అప్పీలు కోర్టు "సీటు కోర్టు ఒకసారి తేల్చాక అదే మాట ఇక్కడ మళ్లీ ఎత్తకూడదు" అంది. ఈ తీర్పును ఇప్పుడు లోకమంతా ఉదహరిస్తున్నారు, మన ఖర్చుతో వచ్చిన సూత్రం.

ఇక నేను బాకీ పెట్టిన "వాణిజ్య" షరతు. మారిషస్ వాటాదారుల అవార్డు ఆస్ట్రేలియాకు వెళ్లింది. 2023లో ఒక జడ్జి న్యూయార్క్ ఒప్పందంలో చేరడమే ఇమ్యూనిటీ వదులుకోవడం అన్నాడు. 2025 జనవరిలో అప్పీలు విన్న ఫుల్ కోర్టు తిరగ్గొట్టింది: ఇండియా వాణిజ్య తగాదాలకే అని షరతు పెట్టింది కదా, ఇది ప్రజా ప్రయోజనం పేరుతో ప్రభుత్వం తీసుకున్న విధాన నిర్ణయం, కాబట్టి ఇమ్యూనిటీ వదులుకున్నట్టు స్పష్టంగా లేదు. ఏప్రిల్‌లో లండన్ హైకోర్టు కూడా ఆ ఒప్పందాన్ని ఆమోదించినంత మాత్రాన ఇమ్యూనిటీ వదులుకున్నట్టు కాదంది. చూశారా, పారిస్‌లో ఇళ్లు పట్టుకున్న తరహా పని సిడ్నీలో గుమ్మం దాటలేదు.

పాతపేపరు:
దేవాస్ వాటాదారులు కెనడాలో ఏదో విమానాశ్రయాల డబ్బు పట్టుకున్నారని కూడా విన్నాను?

సింగపూర్ మాధవి:
అవును. విమాన కంపెనీల ప్రపంచ సంఘం ఐయాటా మాంట్రియల్‌లో ఉంది. టికెట్ల డబ్బు, నావిగేషన్ ఫీజులు దాని చేతుల మీదుగా తిరుగుతాయి. 2021 చివర్లో క్యుబెక్ కోర్టు ఉత్తర్వుతో అక్కడ ఎయిరిండియా, ఏఏఐల (మన విమానాశ్రయాల ప్రాధికార సంస్థ) డబ్బు ఆపారు. జనవరిలో ఏఏఐ మీద ఉత్తర్వు ఎత్తేశారు, ఎయిరిండియాది సగానికి కుదించారు. ఆ ఐడియా ఎవరికి వచ్చిందో గానీ, దండం పెట్టాలి.

చార్మినార్ చరిత్ర:
మరి తిరగేసి అడుగుతాను. మన కంపెనీకే ఏదో దేశం మీద అవార్డు ఉంది, ఆ దేశపు ఆస్తి ఢిల్లీలో ఉంది. మన కోర్టు ఏం చేస్తుంది?

ఈపీ వకీలు:
ఇక్కడే మన గుట్టు. సీపీసీ (సివిల్ ప్రొసీజర్ కోడ్) 86వ సెక్షన్ ప్రకారం విదేశీ ప్రభుత్వం మీద దావాకు, దాని ఆస్తి జప్తుకు కేంద్రం అనుమతి కావాలి. అంటే లాయర్ కన్నా ముందు విదేశాంగ శాఖ గుమ్మం ఎక్కాలి. 2021 జూన్‌లో ఢిల్లీ హైకోర్టు కొంత సడలించింది. అఫ్ఘానిస్తాన్ ఎంబసీ భవనం పని చేసిన మన కాంట్రాక్టరు కేసు అది. వ్యాపార కాంట్రాక్టు నుంచి వచ్చిన అవార్డు అమలుకు ఆ అనుమతి అక్కర్లేదంది.

కానీ అది కాంట్రాక్టు అవార్డు. పెట్టుబడి ఒప్పందం కింద వచ్చిన అవార్డు సంగతి వేరు. 2018లో వొడాఫోన్ కేసులో, 2019లో ఖైతాన్ హోల్డింగ్స్ కేసులో అదే హైకోర్టు ఇవి వాణిజ్య ఆర్బిట్రేషన్లు కావు, మన 1996 ఆర్బిట్రేషన్ చట్టం కిందకు రావు అంది. ఆ చట్టంలో విదేశీ అవార్డుల అమలు భాగం వాణిజ్య తగాదాలకే. మరి ఏ చట్టం కింద ఈపీ వేయాలి? అడిగితే ఎవరూ గట్టిగా చెప్పరు.

లెక్కల మాస్టారు:
మన జీఎంఆర్ వాళ్లు ఈ తలనొప్పి లేకుండా బయటపడ్డారు. 2012లో మాల్దీవులు మాలే ఎయిర్‌పోర్టు కాంట్రాక్టు రద్దు చేసింది. సింగపూర్ ఆర్బిట్రేషన్. 2016 అక్టోబరులో అవార్డు, నవంబరులో 27 కోట్ల డాలర్ల పైచిలుకు చేతికొచ్చింది. ఏ దేశంలోనూ ఏ ఇల్లూ పట్టుకోనక్కర్లేకపోయింది.

సూటిగా:
చిన్న దేశం కాబట్టి కట్టింది. పెద్ద దేశాలు కట్టవు. రష్యా కట్టిందా? స్పెయిన్ సోలార్ కేసుల్లో ఇరవైకి పైగా అవార్డులు బాకీ ఉంది, యూరప్ దేశమే!

సింగపూర్ మాధవి:
ఈ ఒక్కసారికి మీతో ఏకీభవిస్తాను. కాకపోతే ఆస్తి బయట ఉంటే పెద్ద దేశమైనా తప్పించుకోలేదు. వెనిజులా చూడండి. లాస్ క్రిస్టినాస్ బంగారు గని లాక్కున్నందుకు కెనడా కంపెనీ క్రిస్టలెక్స్‌కు 2016 ఏప్రిల్‌లో 120 కోట్ల డాలర్ల అవార్డు. డెలావేర్ కోర్టు 2018లో ప్రభుత్వ చమురు కంపెనీ, ప్రభుత్వం ఒకటే అని తేల్చి అమెరికాలోని సిట్గో రిఫైనరీల మాతృసంస్థ షేర్ల మీద చెయ్యేసింది. వెనక మిగతా బాకీలు రావాల్సినవాళ్లంతా క్యూ కట్టారు. 2025 నవంబరులో 590 కోట్ల డాలర్ల బిడ్‌కు జడ్జి ఓకే అన్నాడు. దాని మీదా అప్పీళ్లు, పైగా అమెరికా ఆర్థిక శాఖ లైసెన్సు కావాలి. అవార్డు వచ్చి తొమ్మిదేళ్లు దాటింది.

మోడరేటర్:
అభ్యంతరకరమైన రెండు పోస్టులు తీసేశాను. ఏ పార్టీ హయాంలో రద్దయింది, ఏ పార్టీ హయాంలో మోసం బయటపడింది అన్న చర్చకు రాజకీయాల విభాగం ఉంది, అక్కడ కొట్టుకోండి.

ఏజెన్సీ గాలి:
ఒకటి అడిగి ముగిస్తాను. ఇప్పుడు కొత్త ఒప్పందాలు ఎలా రాస్తున్నారు? మళ్లీ ఇదే తంతా?

ఈపీ వకీలు:
2016లో కేంద్రం కొత్త నమూనా తయారు చేసి పాత ఒప్పందాల్లో చాలావాటిని రద్దు చేసింది. నమూనాలో పన్ను విషయాలు బయటకు తీసేశారు, అంటే ఇంకో కెయిర్న్ రాకుండా. ఆర్బిట్రేషన్‌కు ముందు ఐదేళ్లు మన కోర్టుల్లో తిరగాలి. 2024 ఆగస్టులో అమల్లోకి వచ్చిన యూఏఈ ఒప్పందంలో ఆ ఐదేళ్లు మూడేళ్లయ్యాయి.

ఇక సరదా ఏంటంటే, అదే నమూనా 27వ అధికరణంలో ఒక లైను ఉంది. ఈ ఒప్పందం కింద ఆర్బిట్రేషన్‌కు వచ్చే క్లెయిమ్‌ను న్యూయార్క్ ఒప్పందం కోసం వాణిజ్య సంబంధం నుంచి పుట్టినదిగానే పరిగణించాలట. సిడ్నీలో మన లాయర్లు "ఇది వాణిజ్యం కాదు" అని వాదించి గెలిచారు. ఢిల్లీలో మన అధికారులు "ఇది వాణిజ్యమే" అని రాసి పెట్టారు.

సూటిగా:
రెండు చోట్లా ఫీజు మాత్రం మనదే.